ఎంత దూరం? ఎప్పటి దూరం?

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం డిగ్రీ విద్యార్థులు, సైన్స్ మీద ఆసక్తి ఉన్న పెద్దలు కలిసిన సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్‌కి వెళ్లకుండా ఇక్కడికొచ్చి కూర్చున్నారు, సంతోషం. మైకు కొంచెం మొరాయిస్తోంది. వెనక వరసల వాళ్లకి వినపడకపోతే చెయ్యెత్తండి.

నేరుగా విషయంలోకి వెళ్దాం. 2024లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు పట్టుకున్న ఒక గెలాక్సీ గురించి మీలో చాలామంది చదివే ఉంటారు. పేరు జేడ్స్-జీఎస్-జెడ్14-0. అది ఎంత దూరంలో ఉందని వెతికితే ఒకచోట 1,350 కోట్ల కాంతి సంవత్సరాలు అని కనిపిస్తుంది. కాంతి సంవత్సరం అంటే కాంతి ఒక ఏడాదిలో వెళ్లే దూరం. ఇంకోచోట దాదాపు 3,400 కోట్లు అంటారు. లెక్క వేసి చూసుకునేవాళ్లకి 220 కోట్లు అని కూడా వస్తుంది. ఒకటే గెలాక్సీ, మూడు దూరాలు. ఎవరో తప్పు రాశారని మనం అనుకుంటాం. ఎవరూ తప్పు రాయలేదండీ, మూడూ కరెక్టే. ఇంకా నాలుగోది కూడా ఉంది, 51 వేల కోట్లు. అదీ కరెక్టే!

నేను ఇవాళ చెప్పాలనుకున్నది ఇదొక్కటే. విశ్వం వ్యాకోచిస్తున్నప్పుడు, అంటే సాగుతున్నప్పుడు, "ఎంత దూరం" అని అడిగి ఊరుకుంటే సగం ప్రశ్నే అడిగినట్టు. ఎప్పటి దూరం, దేనితో కొలిచిన దూరం అని కూడా అడగాలి. టెలిస్కోపులకి ఆ గెలాక్సీ నుంచి నికరంగా దొరికింది ఒకే అంకె, 14.2. దాన్ని రెడ్ షిఫ్ట్ అంటారు. ఇందాకటి నాలుగు దూరాలూ అందులోంచి లెక్క కట్టినవే. అక్కడికి మెల్లగా వద్దాం. ముందు మన ఊరి నుంచే మొదలుపెడతాను.

డాబాగార్డెన్స్ మీకందరికీ తెలుసు. ఇప్పుడక్కడ బట్టల షాపులూ ట్రాఫిక్కూ తప్ప ఏమీ కనపడవు గానీ, 1840 ప్రాంతంలో గోడే వెంకట జగ్గారావు గారు అక్కడ తన సొంత డబ్బుతో అబ్జర్వేటరీ కట్టించారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు చిన్న నల్లచుక్కలా సూర్యబింబాన్ని దాటి వెళ్లాడు. దాన్ని నరసింగరావు గారు ఇక్కణ్ణుంచే చూసి, తన పరిశీలనలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. ఆయన ఆ సొసైటీ ఫెలో కూడా.

శుక్రుడు సూర్యుడి మీదుగా వెళ్తే అంత హడావుడి ఎందుకంటారా? ఆ రోజుల్లో గ్రహాల దూరాల నిష్పత్తులు తెలుసు. సూర్యుడికి మనం ఉన్న దూరం 1 అనుకుంటే శుక్రుడిది 0.72 అని కెప్లర్ కాలం నుంచీ తెలుసు. కానీ ఆ "1" ఎన్ని మైళ్లో గట్టిగా తెలియదు. భూమ్మీద వేరువేరు చోట్ల నుంచి చూస్తే ఆ చుక్క సూర్యబింబం మీద కాస్త వేరువేరు గీతల వెంబడి దాటుతుంది, దాటడానికి పట్టే సమయంలో తేడా వస్తుంది. ఆ తేడా, చూసిన ఊళ్ల మధ్య దూరం రెండూ తెలిస్తే సూర్యుడి దూరం లెక్క తేలుతుంది. అందుకే ఆ డిసెంబర్‌లో ప్రపంచమంతా గడియారాలు పట్టుకుని కూర్చుంది. ఆ పనిలో విశాఖపట్నం కూడా ఉంది. ఈ సంగతి మన పిల్లలకి ఎవరూ చెప్పరు, నాకు అదే బాధ.

ఆ తర్వాత రాడార్లు వచ్చాయి. ఇప్పుడైతే ఆ "1" విలువని 14 కోట్ల 95 లక్షల 97 వేల 870 కిలోమీటర్ల 700 మీటర్లుగా 2012లో నిర్వచించేశారు. ఇంకో గొడవ లేదు.

సూర్యుడి దూరం తెలిస్తే నక్షత్రాలకి దారి దొరుకుతుంది. జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి అదే నక్షత్రాన్ని చూడండి. ఈ ఆరు నెలల్లో భూమి సూర్యుడికి ఒక పక్క నుంచి రెండో పక్కకి వెళ్లిపోయింది కాబట్టి దగ్గరి నక్షత్రం వెనకున్న నక్షత్రాల మీద కొంచెం జరిగినట్టు కనిపిస్తుంది. ఇదే పారలాక్స్. 1838లో బెసెల్ అనే జర్మన్ 61 సిగ్ని నక్షత్రానికి దీన్ని కొలిచాడు. ఆ కోణం డిగ్రీలో సుమారు 12 వేలో వంతు. దూరం 11 కాంతి సంవత్సరాల పైచిలుకు. మన కాలంలో యూరప్ వాళ్ల గాయా ఉపగ్రహం 2025 జనవరి దాకా పనిచేసి, దాదాపు 200 కోట్ల నక్షత్రాలను గమనించింది.

ఇక్కడిదాకా దూరం అంటే మనకి తెలిసిన దూరమే. కోణాలు, త్రిభుజాలు. పదో తరగతి లెక్కలు చాలు. గెలాక్సీలకి వచ్చేసరికి త్రిభుజం మరీ సన్నబడిపోయి పనికిరాదు. అప్పుడు వెలుతురుని నమ్ముకోవాలి. ఒక దీపం అసలు ఎంత ప్రకాశవంతమైనదో తెలిస్తే, మనకి ఎంత మసగ్గా కనిపిస్తోందో చూసి దూరం చెప్పొచ్చు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు. మరి నక్షత్రం అసలు వెలుగు ఎంతో మనకెవరు చెప్తారు?

హార్వర్డ్‌లో హెన్రియెటా లెవిట్ అనే ఆవిడ చెప్పింది. ఆ రోజుల్లో అక్కడ ఆడవాళ్లని టెలిస్కోపు దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఫొటో తీసిన గాజు పలకలు ముందేసుకుని నక్షత్రాల వెలుగు కొలవడం ఆవిడ ఉద్యోగం. సెఫీడ్ అనే రకం నక్షత్రాలు ఒక లయలో వెలుగుతూ తగ్గుతూ ఉంటాయి. చిన్న మెజిలానిక్ మేఘం అనే నక్షత్రాల గుంపులోని 25 సెఫీడ్లను పక్కపక్కన పెట్టి ఆవిడ 1912లో తేల్చిందేంటంటే, ఎంత నిదానంగా మినుకుతుందో అంత ప్రకాశవంతమైన నక్షత్రం అని. అన్నీ ఒకే మేఘంలో ఉన్నాయి కాబట్టి మనకి ఇంచుమించు ఒకే దూరం. అందుకే పోలిక కుదిరింది. ఇక ఎక్కడ సెఫీడ్ కనిపించినా అది ఎన్ని రోజులకోసారి వెలుగుతుందో లెక్కపెడితే చాలు, అసలు వెలుగు తెలిసిపోతుంది.

1923 అక్టోబర్‌లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వంద అంగుళాల టెలిస్కోపుతో ఎడ్విన్ హబుల్, ఆకాశంలో మసక మచ్చలా కనిపించే ఆండ్రోమెడా ఫొటో తీశాడు. ఆ గాజు పలక ఇప్పటికీ ఉంది. దాని మీద ఒక చుక్క పక్కన నోవా, అంటే ఉన్నట్టుండి వెలిగే నక్షత్రం, అనుకుని ఇంకుతో "ఎన్" అని రాసుకున్నాడు. తర్వాత పాత పలకలతో పోల్చి చూస్తే అది సెఫీడ్ అని అర్థమైంది. ఆ "ఎన్" కొట్టేసి, మారే నక్షత్రం అనే అర్థంలో "వార్" అని రాసి పక్కన ఆశ్చర్యార్థకం పెట్టాడు. ఆండ్రోమెడా 9 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉందని లెక్క వేశాడు. అంటే మన పాలపుంత బయట ఇంకో గెలాక్సీ!

ఇప్పటి లెక్క 25 లక్షలు. మరి హబుల్ లెక్క ఎందుకు అంత తగ్గింది? ఇక్కడ ఒక చిన్న కథ. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. మన ఊరి మీద జపాన్ బాంబులు పడ్డది 1942 ఏప్రిల్ 6న. అటు అమెరికా పడమటి తీరంలో కూడా బాంబుల భయంతో లాస్ ఏంజెలెస్ దీపాలు తగ్గించేశారు. పక్కనే కొండ మీద మౌంట్ విల్సన్. అక్కడ వాల్టర్ బాడే అనే శాస్త్రజ్ఞుడున్నాడు. జర్మనీ పౌరుడు కాబట్టి శత్రుదేశస్థుడని అతన్ని యుద్ధ పనుల్లోకి తీసుకోలేదు. చీకటి ఆకాశం, ఖాళీగా ఉన్న టెలిస్కోపు. ఇంకేం కావాలి! ఆండ్రోమెడా నడిబొడ్డులో నక్షత్రాలను విడివిడిగా ఫొటో తీసి, నక్షత్రాల్లో రెండు తరాలున్నాయని గుర్తించాడు. ఆ దారినే వెళ్తే సెఫీడ్లలోనూ రెండు రకాలున్నాయని, రెంటినీ కలిపేసి లెక్క కట్టారని తేలింది. 1952లో ఆ సంగతి ప్రకటిస్తే గెలాక్సీల దూరాలన్నీ ఒక్కసారిగా రెట్టింపయ్యాయి. అంతకుముందు హబుల్ దూరాలతో, గెలాక్సీలు దూరమయ్యే వేగంతో లెక్కిస్తే విశ్వం వయసు 200 కోట్ల ఏళ్లే వచ్చేది, భూమి రాళ్లు అంతకంటే పాతవిగా తేలేవి. తల్లి కంటే పిల్ల పెద్దదన్నమాట. (నవ్వులు)

ఇంకా దూరం పోతే సెఫీడ్లు కూడా కనపడవు. అప్పుడు టైప్ వన్-ఏ సూపర్నోవాలు. శ్వేత కుబ్జ తార అనే చిన్న బరువైన నక్షత్రం పక్కనున్న జోడీ నుంచి పదార్థం లాక్కుని, సూర్యుడికి 1.4 రెట్ల బరువు దగ్గరికి వచ్చేసరికి పేలిపోతుందని సాధారణంగా చెప్తారు. అది చంద్రశేఖర్ పరిమితి, మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గారి పేరు మీదే. పేలే దారులు ఇంకా ఉన్నాయి, అందులోకి ఇప్పుడు వెళ్లను. ఈ పేలుళ్లు అన్నీ అచ్చు ఒకే వెలుగు ఇవ్వవు. మెల్లగా ఆరేవి ఎక్కువ వెలుగువి. ఆ తేడా సరిచేసుకుంటే మంచి కొలబద్ద అవుతుంది.

సరే, ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వచ్చాం. ముందు వరసలో కూర్చున్న బాబూ, ఒకసారి ఇలా రా. ఇది పాత సైకిల్ ట్యూబు కోసిన ముక్క. దీని మీద చాక్‌పీసుతో రెండు గీతలు గీశాను, మధ్య 10 సెంటీమీటర్లు. ఈ గీత ఆ గెలాక్సీ, ఈ గీత మనం. ఒక చీమ ఆ గీత దగ్గర బయల్దేరి మన వైపు నడుస్తోంది అనుకోండి. అదే కాంతి. చీమ వేగం మారదు. కానీ అది నడుస్తుండగానే నువ్వు ట్యూబుని ఒకే తీరున లాగుతూ ఉండు... మెల్లగా, తెగిపోతే నాకు ఇంకోటి లేదు. చీమ మన గీతని చేరేసరికి గీతల మధ్య దూరం 30 సెంటీమీటర్లు అయిందనుకుందాం.

ఇప్పుడు చెప్పండి, చీమ ఎంత దూరం నుంచి వచ్చింది? అది బయల్దేరినప్పుడు 10. ఇప్పుడు టేపు పెడితే 30. అది కాళ్లు కదిపి నడిచింది మాత్రం, లెక్క వేస్తే, 18. దాటేసిన ట్యూబు కూడా వెనక సాగుతోంది కాబట్టి 18 నడిస్తే 30 అయింది. ఎదురుగా ఉన్న ట్యూబు సాగుతోంది కాబట్టే 10కి వెళ్లాల్సింది 18 నడవాల్సి వచ్చింది. మూడూ నిజమే కదా? థాంక్స్ బాబూ, కూర్చో.

జేడ్స్ గెలాక్సీ అంకెలు ఇవే. కాంతి బయల్దేరినప్పుడు అది మనకి 220 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కాంతి 1,350 కోట్ల ఏళ్లు ప్రయాణించింది. ఈ రోజు ఆ గెలాక్సీ దాదాపు 3,400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. పేపర్లు మధ్యలోదాన్ని "దూరం" అని రాస్తాయి. నా మటుకు నాకు అది నచ్చదు. 1,350 కోట్లు అనేది ప్రయాణానికి పట్టిన సమయం. సమయం అని రాస్తే పేచీ లేదు.

రెడ్ షిఫ్ట్ ఎక్కడుందంటారా? ట్యూబు మీద చీమతో పాటు ఒక అల గీశామనుకోండి, ట్యూబు మూడు రెట్లు సాగితే ఆ అల కూడా మూడు రెట్లు సాగుతుంది. కాంతి తరంగం కూడా అంతే. సాగినకొద్దీ ఎరుపు వైపు జరుగుతుంది. ఎన్ని రెట్లు సాగిందో అందులోంచి ఒకటి తీసేస్తే రెడ్ షిఫ్ట్. జేడ్స్ గెలాక్సీకి 14.2 అంటే, ఆ కాంతి బయల్దేరాక విశ్వం 15.2 రెట్లు సాగిందని అర్థం. ఇది స్పెక్ట్రంలోంచి, అంటే రంగులుగా విడదీసిన కాంతిలోంచి, నేరుగా చదివే అంకె. దాన్ని దూరంగా మార్చాలంటే మాత్రం ఈ 1,350 కోట్ల ఏళ్లలో విశ్వం ఎప్పుడు ఎంత వేగంగా సాగిందో తెలియాలి. అంటే పదార్థం ఎంత, విశ్వం సాగే వేగాన్ని పెంచే డార్క్ ఎనర్జీ ఎంత అని ఒక మోడల్ పెట్టుకోవాలి. మోడల్ కాస్త మారితే దూరం మారుతుంది. 14.2 మారదు.

ఇప్పుడు నాలుగో దూరం. ఇందాక చెప్పానే, వెలుగు తగ్గడాన్ని బట్టి దూరం అని. సాగే విశ్వంలో వెలుగు మూడు రకాలుగా తగ్గుతుంది. ఒకటి, ఇవాళ్టి పెద్ద గోళం మీద పరుచుకోవడం వల్ల. రెండు, తరంగం సాగింది కాబట్టి ప్రతి ఫోటాన్ (కాంతి రేణువు) శక్తి తగ్గడం వల్ల. మూడు, ఫోటాన్ల మధ్య ఎడం కూడా సాగింది కాబట్టి సెకనుకి తక్కువ ఫోటాన్లు చేరడం వల్ల. రెండోదీ మూడోదీ కలిసి గెలాక్సీని ఇంకా మసకబారుస్తాయి. పాత సూత్రంలో ఆ మసక వెలుగు పెడితే ఇవాళ్టి దూరానికి 15.2 రెట్లు, 51 వేల కోట్ల కాంతి సంవత్సరాలు వస్తుంది. ఆ గెలాక్సీ అక్కడ లేదు. అంత దూరంలో, సాగని విశ్వంలో ఉంటే ఎంత మసగ్గా కనిపించేదో అంత మసగ్గా ఉందని ఆ అంకెకి అర్థం. సూపర్నోవాలతో కొలిచేది ఈ దూరాన్నే. 1998లో రెండు బృందాలు ఈ దూరాన్ని రెడ్ షిఫ్ట్ పక్కన పెట్టి చూస్తే సూపర్నోవాలు అనుకున్నదానికంటే మసగ్గా ఉన్నాయి. విశ్వం సాగే వేగం పెరుగుతోందని అలా బయటపడింది. పెర్ల్‌మటర్, ష్మిట్, రీస్‌లకి 2011లో నోబెల్ వచ్చింది.

సైజుని బట్టి కొలిస్తే ఇంకా విచిత్రం. నాకైతే ఈ సబ్జెక్టు మొత్తంలో ఇష్టమైన ముక్క ఇదే. ఒక గెలాక్సీ ఈ అంచు నుంచి ఒక కిరణం, ఆ అంచు నుంచి ఒక కిరణం మన కంటికి వస్తాయి. వాటి మధ్య కోణం అవి బయల్దేరిన నాడే ఖాయమైపోతుంది. దారిలో విశ్వం ఎంత సాగినా ఆ కోణం మారదు. అంటే గెలాక్సీ మనకి ఎంత పెద్దగా కనిపిస్తుందన్నది అప్పటి దూరాన్ని బట్టి ఉంటుంది. బాగా పాత గెలాక్సీలు అప్పట్లో మనకి దగ్గర! అందువల్ల రెడ్ షిఫ్ట్ సుమారు 1.6 దాకా దూరం వెళ్లేకొద్దీ వస్తువు చిన్నదవుతూ వస్తుంది, అది దాటాక మళ్లీ పెద్దదిగా కనపడటం మొదలవుతుంది. ఒకే సైజు గెలాక్సీలు రెండు, ఒకటి 1.6 దగ్గర, ఒకటి 14 దగ్గర పెడితే, ఎక్కువ దూరానిదే రెండున్నర రెట్లు పెద్దగా ఉంటుంది. కాకపోతే చాలా మసగ్గా. నిజంలో తొలి గెలాక్సీలు చాలా చిన్నవి కాబట్టి ఫొటోల్లో ఇది మీకు కొట్టొచ్చినట్టు కనపడదు. జేడ్స్ గెలాక్సీ అడ్డం 1,600 కాంతి సంవత్సరాలే. మన పాలపుంత లక్ష.

దీనికి చివరి మెట్టు కాస్మిక్ మైక్రోవేవ్ కాంతి, అంటే మనకి అందే అన్నిటికంటే పాత కాంతి. బిగ్ బ్యాంగ్ తర్వాత 3 లక్షల 80 వేల ఏళ్లకి బయల్దేరింది, రెడ్ షిఫ్ట్ 1,090. ఆ కాంతిని వదిలిన పదార్థం ఇవాళ 4,500 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉంది. బయల్దేరిన రోజున మనం ఉన్న ఈ చోటికి దూరం ఎంతో తెలుసా? 4 కోట్ల 20 లక్షల కాంతి సంవత్సరాలు. అంతే. అంత దగ్గర నుంచి రావడానికి దానికి 1,380 కోట్ల ఏళ్లు పట్టింది.

ఇప్పుడు ఈ రంగంలో ఉన్న టెన్షన్ గురించి రెండు ముక్కలు. విశ్వం ఎంత వేగంగా సాగుతోందో చెప్పే హబుల్ స్థిరాంకాన్ని సెఫీడ్లు, సూపర్నోవాల దారిలో కొలిస్తే 73 వస్తోంది. అంటే ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికీ సెకనుకి 73 కిలోమీటర్ల వేగం. ప్లాంక్ ఉపగ్రహం మైక్రోవేవ్ కాంతి నుంచి లెక్కిస్తే 67.4. ఇద్దరూ తమ లెక్కలో పొరపాటు చాలా తక్కువంటున్నారు. బాడే కథ విన్నాక నాకు మొదట సెఫీడ్ల మీదే అనుమానం వచ్చేది. కానీ వెబ్ టెలిస్కోపుతో మళ్లీ చూస్తే సెఫీడ్ కొలతల్లో పెద్ద తప్పేమీ దొరకలేదు. బరువైన నక్షత్రాలు ఢీకొన్నప్పుడు స్థలంలోనే పుట్టే అలలను గురుత్వ తరంగాలంటారు. అవైతే ఈ మెట్లేవీ లేకుండా దూరం నేరుగా చెప్తాయి. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు, 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని గెలాక్సీతో అలా లెక్క వేస్తే 70 వచ్చింది. అటూ ఇటూ చాలా తేడాకి అవకాశం ఉన్న 70. అలాంటివి ఇంకా బోలెడు కావాలి. మహారాష్ట్ర హింగోలి జిల్లాలో ఈ తరంగాలను పట్టే లైగో-ఇండియా కేంద్రం వస్తే అందుకు సాయపడుతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సర్, 1,380 కోట్ల ఏళ్లలో 3,400 కోట్ల కాంతి సంవత్సరాల దూరం వెళ్లిందంటే కాంతి కంటే వేగంగా వెళ్లినట్టే కదా?)

మంచి ప్రశ్నమ్మా. ట్యూబు మీద చీమని మించి ఇంకో చీమ పరుగెత్తకూడదు, అది ఐన్‌స్టీన్ రూలు. ట్యూబు సాగడానికి ఆ రూలు లేదు. ఇవాళ మనకి సుమారు 1,400 కోట్ల కాంతి సంవత్సరాలకి అవతలున్న ప్రతి గెలాక్సీ కాంతి కంటే వేగంగా దూరమవుతోంది. వాటిలో చాలావాటిని మనం చూస్తున్నాం కూడా.

(ఒక పెద్దాయన: అసలు విశ్వం సాగకుండా, దారిలో కాంతే అలిసిపోయి ఎర్రబడి ఉండొచ్చు కదండీ?)

ఉండొచ్చనే 1929లో ఫ్రిట్జ్ జ్వికీ అన్నారండీ. మీరు మంచి సావాసంలోనే ఉన్నారు. (నవ్వులు) దాన్ని తేల్చడానికి ఒక దారి ఉంది. కాంతి ఊరికే అలిసిపోతే రంగు మాత్రమే మారాలి. విశ్వం సాగితే రంగుతో పాటు సమయం కూడా సాగాలి. ముందు బయల్దేరిన ఫోటాన్‌కీ వెనక బయల్దేరినదానికీ మధ్య ఎడం పెరుగుతుంది కదా. సూపర్నోవా వెలిగి ఆరడానికి ఇంచుమించు ఎన్నాళ్లు పడుతుందో మనకి తెలుసు. రెడ్ షిఫ్ట్ 1 దగ్గర, అక్కడ 20 రోజుల్లో అయిపోయే ముచ్చట మనకి 40 రోజులు కనిపించాలి. డార్క్ ఎనర్జీ సర్వే వాళ్లు 2024లో 1,504 సూపర్నోవాలను ఇలా సరిచూశారు. రంగు ఎన్ని రెట్లు సాగిందో సమయం కూడా సరిగ్గా అన్ని రెట్లే సాగింది.